రెండు పెట్టెల మధ్య కాగితం

ఇంకా కొన్ని బయటే ఉన్నాయి. లెక్కపెట్టిందేమీ లేదు గానీ, బట్ట అంచు మీద ఒక కుట్టు తప్పితే వేలికి ఎలా తెలుస్తుందో, తేనెపెట్టె ముందు ముక్కాలిపీట వేసుకుని కూచున్న పెద్దకోడలికి అలాగే తెలుస్తోంది. పొద్దు గోడ దిగిపోయింది. దొడ్లో ఎండ నీళ్ళతొట్టి అంచు మీద జానెడు మిగిలింది. అది కూడా పోతే తేనెటీగలు ఎగరలేవు, ఎక్కడున్నవి అక్కడే కొయ్యబారిపోతాయి, ఆకులు రాలే ఈ రోజుల్లో సాయంత్రానికి అంత చలి దిగుతోంది. చివరి ఈగ లోపలికి దూరాక గుమ్మంలో గోనెగుడ్డ కుక్కి పెట్టెను తాడుతో బిగించాలి. అప్పుడు పిట్టగోడ అవతలి ఇంట్లోంచి తోడికోడలు వస్తుంది. చెరో పక్కా పట్టుకుని ఆ దొడ్లోకి మోసుకెళ్ళి, దాని పెట్టె మీద ఈ పెట్టె ఎక్కించాలి. మధ్యలో ఒక పాత వార్తాపత్రిక పరవాలి. పైన ఈగలు, కింద ఈగలు, నడుమ కాగితం. ఉన్నపళంగా కలిపేస్తే పరాయి వాసనకి ఒకదాన్నొకటి పొడిచి చంపుకుంటాయి. కాగితం ఉంటే రెండు వైపుల నుంచీ కొరుక్కుంటూ వచ్చేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది, ఆపాటికి వాసనలు కలిసిపోయి ఏది ఏ ఇంటిదో వాటికే గుర్తుండదు. మనుషులకి అంతపాటి కాగితం ఎవరూ పరవరు. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల్ని కట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్క ఇళ్ళల్లోకి వస్తారు, మధ్యలో ఉన్నది ఇటుకగోడ, అది కొరికితే పళ్ళూడతాయి తప్ప దారి పడదు.

పిడికెడు ఈగలు చలికి ఆగవమ్మాయ్, అన్నాడు పోయిన ఆదివారం పోస్టుమాను బాబాయి. ఉద్యోగం దిగిపోయినా సంచీ దిగలేదు ఆయన భుజం మీంచి. ఉత్తరాలుండే చోట ఇప్పుడు కొక్కెం తక్కెడ ఉంటుంది. ఈ వీధిలో తేనెపెట్టెలు ఉన్న ఏడు ఇళ్ళకీ ఆయనే పెద్ద. పూలు అయిపోయిన కాలంలో ఒక్కో దొడ్లోకీ వెళ్ళి, పెట్టె అంచుకి కొక్కెం తగిలించి, చిటికెన వేలంత లేపి ముల్లు చూస్తాడు, చలి దాటేదాకా లోపల తిండి ఉందా లేదా అని. ఏడిళ్ళవాళ్ళూ టీ గ్లాసులతో వెనకాలే తిరుగుతారు. ఎలుకలు దూరకుండా గుమ్మాలకి జాలీ కొట్టేవాళ్ళు కొడతారు, చక్కెర పాకం పోసేవాళ్ళు పోస్తారు. ఈ రోజుల్లోనే పనిచేసే ఈగలు మగ ఈగల్ని కాళ్ళు పట్టి ఈడ్చి గుమ్మం బయట పారేస్తాయి. చూసుకోండర్రా, పని చెయ్యనివాడికి చలికాలం తిండి లేదు, అని ఆయన ఏటా అనే మాటే ఈసారీ అంటే, సెలవు నిద్రలోంచి లేచొచ్చిన ఆమె భర్త, బస్సు డ్రైవరు, నేను పొద్దున్నే నీళ్ళు పట్టాను బాబాయ్ అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వు నోట్లో ఉండగానే ఆమె పెట్టెకి కొక్కెం పడింది. ముల్లు లేచి, సగానికి కూడా రాకుండా నిలబడిపోయింది. గోడ అవతల చిన్నకోడలి పెట్టెకి కొక్కెం తగిలించి లాగితే పెట్టె కదలలేదు. బాబాయి సంచీ కింద పెట్టి రెండు చేతులా లాగాడు. పెట్టంటే ఇదర్రా, అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన చిన్నకోడలి వైపు చూశాడా, పెట్టె వైపు చూశాడా అని ఆమె ఈ వారం రోజుల్లో ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకుందో. పెట్టె వైపే చూశాడు. కాదు, ముందు పెట్టె వైపు, తర్వాత ఆ పిల్ల వైపు.

అదుగో ఒకటి వచ్చింది. గుమ్మం పలక మీద వాలి, కాసేపు అలిసిపోయినట్టు ఆగి, లోపలికి నడిచింది. దాని కాళ్ళకి పుప్పొడి కూడా లేదు. ఎక్కడ తిరిగి ఏం తెచ్చినట్టు. నేనూ అంతే, అనుకుంది ఆమె, పొద్దుట్నుంచీ మిషను తొక్కి ఏం కుట్టాను, ఒకటే అంచు మూడుసార్లు విప్పాను. ఏడిళ్ళ పెట్టెలకీ చలికి కప్పే గోనెపట్టాలు ఏటా ఆమే కుడుతుంది, ముఖానికి వేసుకునే జాలీ టోపీలు కూడా. ఈ ఏడు చిన్నకోడలి పెట్టెకి కుట్టిన పట్టా మీద కుట్లు అందరివాటికంటే దగ్గరగా వేసింది. ప్రేమతో కాదు. ఎవరన్నా వేలు పెట్టి చూసి, తోడికోడలి పట్టా కదా, అందుకే వదులుగా కుట్టింది అంటారేమోనని. అంత మంచి పట్టా ఆ వీధిలో ఎవరికీ లేదు. అది చూసి చిన్నకోడలు అక్క చెయ్యి పడితే ఇంతే అని వీధంతా చెప్పుకుంది. ఆ పిల్లకి టోపీ అక్కర్లేదు, ఈగలు దాని ఒట్టి చేతుల మీద పాకుతాయి, దాని ముంగురుల్లో దూరి బయటికొస్తాయి. అది చూసి అత్తగారు గోడ మీద మోచేతులు ఆనించి, చల్లని చెయ్యేదో ఈగలకి తెలియదుటే అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు, గాలిలోకి అంది. గాలిలోకి అన్న మాటలన్నీ తిన్నగా ఒక్క చెవిలోకే ఎందుకొస్తాయో. ఆ చల్లని చేతికి ఈగల్ని అణిచే పొగడబ్బా పట్టుకోవడం నేర్పింది ఎవరు. తెట్టె కట్టిన చట్రం ఎలా లేపాలో, ఎండకి ఏ పక్క పట్టుకుంటే గుడ్లు కనపడతాయో, పెట్టెకి చెవి ఆనించి మెటికెతో తడితే లోపల రాణి ఉందో లేదో ఎలా తెలుస్తుందో, ఇవన్నీ ఎవరు చెప్పారు. మూడేళ్ళ క్రితం ఆ పిల్ల ఈగ అంటే ఆమడ దూరం పరిగెత్తేది.

ఇంతా చేసి ఆ పెట్టెలో ఉన్నవి ఆమె ఈగలే. ఈ మాట ఎవరితో అన్నా ఓర్వలేనిదంటారు, అందుకని తనలో తనే అనుకుంటుంది, మిషను చక్రం తిరిగినట్టు అదే మాట అక్కడికే వచ్చి ఆగుతుంది. వసంతంలో ఆమె పెట్టె కిక్కిరిసిపోయి, ఒకరోజు పదిగంటల వేళ పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని బయటికి లేచింది. దొడ్డంతా గోధుమరంగు సుడి. మిషను వదిలేసి బయటికి వచ్చేసరికే సుడి గోడ దాటేసి, అవతల బట్టలారేసే కర్ర చివర గుత్తిలా వేలాడింది. ఈ వీధిలో ఒక రివాజు ఉంది, లేచిన ఈగలు ఎవరి దొడ్లో వాలితే వాళ్ళవే. బాబాయి వచ్చి ఆ మాటే అన్నాడు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. చిన్నకోడలు పాత అట్టపెట్టె పట్టుకుని అక్కా తీసుకోనా, నిజంగా తీసుకోనా అని రెండుసార్లు అడిగింది. ఒకసారి అడిగి ఊరుకుంటే కాదనేదేమో. రెండుసార్లు అడిగేసరికి, ఇరుగుపొరుగు చూస్తుండగా, ఇంకేమంటుంది. ఆ రాణి వీపు మీద ఎర్ర చుక్క ఉంది. గుర్తు కోసం రెండేళ్ళ క్రితం ఆమే పెట్టింది, తన పెళ్ళినాటి గోళ్ళరంగు సీసాలో మిగిలిన అడుగు చుక్క. ఎన్ని చట్రాలు లేపినా ఇప్పుడు ఆ చుక్క చిన్నకోడలి చట్రాల మీదే మెరుస్తుంది. ఇక్కడ మిగిలిన ఈగలు తమకోసం తాము పెంచుకున్న పిల్ల రాణి ఉంది చూడండి, దానికి ఏ చుక్కా లేదు. చురుకైనదే, కానీ వసంతమంతా వానలు పట్టి దాని సంతానం పలచబడిపోయింది. అయినా ఎనిమిదేళ్ళుగా ఈగల్ని పెంచుతూ ఆమె కళ్ళెదుట మైనపు గదిలోంచి కొరుక్కుని బయటికొచ్చిన రాణి అదొక్కటే.

ఇంకొకటి వచ్చింది. దాని వెనకే ఇంకోటి. తొట్టి అంచు మీది ఎండ బెత్తెడైంది.

పన్నెండు రోజుల క్రితం సంగతి తలుచుకోకూడదనే అనుకుంటుంది. బళ్ళో గోడ మీద చెడపకురా చెడేవు అని నల్లరంగుతో రాసి ఉండేది, ఐదేళ్ళు రోజూ దాని కిందే కూచుని చదివింది. అంతా చదివి, ఆ మధ్యాహ్నం, తేనె తీశాక మిగిలిన మైనపు మూతల్ని, తేనె కారుతున్నవాటిని, పళ్ళెంలో పోసి పిట్టగోడ మీద పెట్టింది. పూలు లేని రోజుల్లో ఒక్క తేనెచుక్క కూడా బయట ఉంచకూడదు, చెంచా కూడా ఇంట్లోనే కడగాలి, ఈగల్ని పెంచేవాళ్ళల్లో పసివాళ్ళకి కూడా తెలుసు. వాసనకి ఊళ్ళోని ఈగలన్నీ దొంగలై దిగిపోతాయి, పళ్ళెం అయిపోయాక పక్కనున్న పెట్టె మీద పడతాయి. ఈగలు నాకి పెడితే మైనం శుభ్రంగా వస్తుంది అని తనకి తాను చెప్పుకుంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా తనకి ఇంత చక్కటి కారణం చెప్పుకోదు. పళ్ళేన్ని చిన్నకోడలి పెట్టెకి నాలుగు మూరల దూరంలో పెట్టింది, తన పెట్టెకి అది ఆరు మూరలన్న సంగతి ఆ గోడ దగ్గర తట్టలేదు. బలమున్న పెట్టె గుమ్మంలో కాపలా ఉంటుంది. దోపిడీ ఎప్పుడూ బలం లేనిదాని మీదే. ఎనిమిదేళ్ళ తెలివి ఒక పూట కడుపుమంటలో పడి కాలిపోయింది. అరగంటలో ఆమె పెట్టె ముందు నేల కనపడలేదు. ఈగలు ఈగల్ని పట్టుకుని దొర్లుతున్నాయి, గుమ్మంలోంచి కొరికిన మైనం పొడి ఊకలా రాలుతోంది. ఆమె జాలీ టోపీ వెతుక్కుంటూ ఉండగానే చిన్నకోడలు గోడ దూకి వచ్చింది. తీగ మీది దుప్పటి లాగి తొట్టిలో ముంచి పెట్టె మీద కప్పింది, ఒట్టి చేతులతో గడ్డి పీకి గుమ్మంలో కుక్కింది. నీళ్ళు తే అక్కా, ఇంకా నీళ్ళు తే. ఆ పూట చల్లని చెయ్యి ఏమీ పనిచెయ్యలేదు, తొమ్మిది చోట్ల కుట్టాయి, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. సాయంత్రం పెద్దకోడలు గుప్పెడు పిండి తెచ్చి, ఇంకా దొంగతనానికి వచ్చిపోతున్న ఈగల మీద చల్లింది. దొంగ ఏ ఇంటిదో పట్టుకోవడానికి బాబాయి చెప్పిన కిటుకు అది, తెల్లబడ్డ ఈగ ఎక్కడ దూరుతుందో చూడాలి. తెల్లబడ్డవి వరసగా గోడ దాటి చిన్నకోడలి పెట్టెలోకే దూరాయి. ఆదివారం నాడు బాబాయి రెండు చేతులా లాగిన బరువులో సగం ఆమె తేనే.

పళ్ళెం కోసం చీకటిపడ్డాక వెళితే గోడ మీద లేదు. పొద్దున్న లేచి చూస్తే ఆమె వంటింటి కిటికీలో ఉంది. కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఒంటికంటి పిల్ల పట్టేసింది. ఆ రోజంతా ఎదురుచూసింది, ఇప్పుడొస్తుంది, ఇప్పుడు నలుగుర్నీ పిలుస్తుంది, అత్తగారికి చెబుతుంది. తిడితే తీరిపోయేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది, తనూ పట్టుకునేది. చిన్నకోడలు ఆ వాచిన కన్నుతోనే మందుల షాపుకి పనికి వెళ్ళింది, వచ్చింది, తీగ మీద దుప్పటి ఆరేసింది. పోయిన ఆదివారం, తూకమైపోయాక, అందరి ముందూ, అక్క ఈగల్ని నాదాంట్లో కలుపుకుంటాను బాబాయ్, వసంతం రాగానే విడదీసి సగం అక్కకి ఇచ్చేద్దాం అంది. ఏడిళ్ళవాళ్ళ మొహాలూ వెన్నలా కరిగాయి. ఈగల్లో గెలిచింది, అత్తగారి దగ్గర గెలిచింది, ఆఖరికి క్షమించడంలో కూడా తనే ముందు. ఒక మనిషికి అన్నీ ఎందుకు, ఒక్కటైనా నాకు వదలకూడదా, అనుకుంది ఆమె తల ఊపుతూ, సరేలే అంటూ.

రెండు రాణులు ఒక పెట్టెలో ఉండవు, అన్నాడు బాబాయి, కలిపే రోజు మధ్యాహ్నానికే బలం లేని రాణిని తీసెయ్యాలి. తీసెయ్యడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇవాళ మధ్యాహ్నం ఆమె పెట్టె తెరిచింది. మూడో చట్రం మీదే ఉంది పిల్ల రాణి, పొడుగ్గా, తేనెరంగులో, తోవ ఇవ్వండన్నట్టు ఈగల మధ్యలోంచి నడుస్తూ. రెక్కలు పట్టుకుని లేపింది. సూదిలో దారం ఎక్కించే వేళ్ళు అవి. అది కాళ్ళు గాలిలో ఆడిస్తోంది. దీని గది మూత కొరుక్కుని తల బయటపెట్టిన రోజు ఆమె అన్నం కూడా మర్చిపోయి చూసింది. మళ్ళీ చట్రం మీదికే దించింది. అది ఈగల్లో కలిసిపోయింది. అప్పుడే గోడ అవతల్నించి చిన్నకోడలు, తీసేశావా అక్కా అని అడిగింది. తీసేశాను, అంది. ఆ మాట నోట్లోంచి ఊడిపడేదాకా దాన్ని అనబోతున్నట్టు తనకే తెలియదు. అన్నాక తెలిసింది. మధ్యాహ్నం నుంచీ మిషను ముందు కూచుని దాన్నే కుడుతోంది, దాన్నే విప్పుతోంది. కాగితం చిరిగిన రోజు పిల్ల రాణి కిందికి దిగుతుంది, ముసలిదైపోయిన ఎర్ర చుక్క రాణి దాన్ని తట్టుకోలేదు. అప్పుడు ఆ పెట్టెలో, ఎవరికీ తెలియకుండా, పెద్దకోడలి రాణి. వసంతంలో ఏడిళ్ళవాళ్ళూ చిన్నకోడలి చెయ్యి చల్లనిదని మెచ్చుకుంటుంటే, ఆమె ఒక్కతే లోపల నవ్వుకోవచ్చు. లేదా రెండూ కొట్టుకుని రెండూ చావచ్చు. చలికాలంలో ఇంకో రాణి పుట్టదు. వసంతానికి ఆ పెట్టెలో పిడికెడు చచ్చిన ఈగలుంటాయి, చలికి పోయాయి అంటారు, ఆ చల్లని చెయ్యి అప్పుడు ఏమంటుందో చూడాలి. ఈ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే ఆమెకి భయమేసింది. ఇప్పుడింకా టైముంది. టార్చిలైటు తెచ్చి మూడు చట్రాలు లేపితే దొరుకుతుంది. ఇంకో ఈగ వచ్చాక చూద్దాం. ఇంకోటి వచ్చింది. తొట్టి అంచు మీద ఎండ లేదు, ఎప్పుడు పోయిందో.

గుమ్మంలో గోనెగుడ్డ కుక్కింది. తాడు బిగించింది. వీధి గేటు గొళ్ళెం చప్పుడైంది. చిన్నకోడలు వచ్చింది, చంకలో వార్తాపత్రిక, చేతిలో టార్చి.

"అన్నీ వచ్చేశాయా అక్కా?"

ఆఁ, అంది. చిన్నకోడలు ఎప్పటి అలవాటునే మోకాళ్ళ మీద కూచుని పెట్టెకి చెవి ఆనించి, మెటికెతో తట్టింది. రాణి లేని పెట్టెను తడితే లోపల ఏడుపులాంటి మోత లేచి ఎంతకీ ఆగదు. రాణి ఉన్నది ఊఁ అని ఒక్కసారి పలికి ఊరుకుంటుంది. పెట్టె ఊఁ అంది. ఊరుకుంది. చిన్నకోడలి చెవి ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపు ఆ చెక్క మీదే ఉంది. తర్వాత లేచి మోకాళ్ళు దులుపుకుంది. పద అక్కా, చీకటి పడుతోంది, అంటూ వంగి తన వైపు తాడు పట్టుకుంది.

విన్నది. విని కూడా మోస్తోంది. రేపు తనే తెరిచి, రాణిని వెతికి తీయించేసి, ఒక్క మాటనకుండా, పళ్ళేన్ని కడిగి బోర్లించినట్టు దీన్ని కూడా కడిగి బోర్లిస్తుంది. ఇంకోసారి క్షమిస్తుంది. ఈ పిల్లవి అన్నీ భరించొచ్చు, అదొక్కటి తప్ప. పెట్టె నేల మీంచి లేచింది. ఇద్దరూ నాలుగడుగులు వేశారు. ఈసారి క్షమించడంలో దీన్ని ముందు పోనివ్వకూడదు, అని మాత్రమే అనుకుంది ఆమె, ఇంకే మంచి ఆలోచనా రాలేదు.

"ఆగు. దించు. రాణి లోపలే ఉంది, నేను తియ్యలేదు. ఆ పళ్ళెం కూడా నేనే పెట్టాను. మైనం కోసం కాదు."

చిన్నకోడలు తన వైపు దించింది. వేళ్ళు నలుపుకుంది.

"పళ్ళెం సంగతి తెలుసు. ఈ వీధిలో అంత సొట్ట పళ్ళెం ఇంకెవరింట్లో ఉంది?"

"మరి అడగలేదేం?"

"కడిగింది నీ మొహాన కొడదామనే. కొట్టడానికే ఆ రాత్రి వచ్చాను. నువ్వు ఇక్కడ కూచుని చచ్చిన ఈగల్ని చీపురుతో కాకుండా చేత్తో ఏరుతున్నావు. కిటికీలో పెట్టి పోయాను. కోపం మాత్రం పోలేదు, అది ఇంకా ఉంది."

"ఇప్పుడు విన్నావుగా. మరి పెట్టె ఎందుకు లేపావు?"

"గేటు దాకా చూద్దామనుకున్నాను. అక్కడికీ చెప్పకపోతే దించేసి మా ఇంటికి పోయేదాన్ని. నీ ఈగలు నీ దగ్గరే చచ్చేవి. దేవతనా ఏమిటి నేను."

కోపం ఇంకా ఉందన్న మాట విన్నాక ఆమెకి ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికలో లోపలికి వెళ్ళి, గుడ్డపీలికల్లోంచి ఎర్రముక్క తెచ్చి టార్చికి కట్టింది, ఎర్ర వెలుగు ఈగల కంటికి ఆనదు. తాడు విప్పి మూత తీశారు. చిన్నకోడలు చట్రాలు పట్టుకుంది, ఆమె వెతికింది. రెండో చట్రం మీద, ఈగల ముద్ద నడుమ, కదలకుండా ఉంది. రెక్కలు పట్టుకుని తీసి, నీ పెట్టెలోకి రావాల్సింది, నువ్వే తీసెయ్, అని చెయ్యి చాపింది.

చిన్నకోడలు వెనక్కి జరిగింది. చట్రం పెట్టెలో దించేసి రెండు చేతులూ వెనక దాచుకుంది.

"నా వల్ల కాదక్కా. ఎప్పుడూ బాబాయే కదా. ఆయన తీస్తుంటే నేను ఇంట్లోకి పోతాను."

అని గోడ వైపు తిరిగి నిలబడింది. తొమ్మిది చోట్ల కుట్టినా కిక్కురుమనని పిల్ల, మోచేతులు దగ్గరికి ముడుచుకుని, పసిపిల్ల సూదిమందుకి తల తిప్పుకున్నట్టు నిలబడింది. దీనికి చేతకానిది ఒకటుంది. మూడేళ్ళల్లో మొట్టమొదటిసారి, దీనికి రానిదీ నాకు వచ్చిందీ ఒకటుంది. సంతోషం ఆమె గొంతు దాకా వచ్చింది. సిగ్గుపడింది. సిగ్గుపడినా తగ్గలేదు. వేళ్ళ మధ్య ఆరు కాళ్ళూ గాలిలో దారి వెతుక్కుంటున్నాయి. రెండు వేళ్ళూ దగ్గరికి తెచ్చింది. దారం తెగినంత చప్పుడు కూడా కాలేదు.

"అయిందా?" అంది చిన్నకోడలు, గోడవైపే చూస్తూ.

"అయింది. తిరుగు."

మూత పెట్టి మళ్ళీ తాడు బిగించారు. వేళ్ళు తుడుచుకోకుండానే ఆమె తన వైపు పట్టుకుంది. చిన్నకోడలు చంకలో కాగితం సర్దుకుని ముందు నడిచింది. వెనకాల నడుస్తూ ఆమె ఆ పిల్ల అడుగుకి అడుగు కలిపింది, పెట్టె ఒక పక్కకి ఒరగకూడదు. ఆ సంతోషం ఇంకా పోలేదు. దాన్ని ఎక్కడ దించాలో తెలియక, పెట్టెతో పాటు దాన్ని కూడా మోస్తూ గేటు దాటింది.